దయచేసి మాట అందించవద్దు

మా రెంటచింతలలో మనుషులు చాలా మంచివాళ్లు. ఆ మంచితనం వల్లే నేను ఒక పరీక్ష ఫెయిలయ్యాను. ఈ సంగతి నోటితో చెప్పమంటే నాకూ కష్టం, వినేవాళ్లకూ కష్టం. అందుకని రాస్తున్నాను. రాతలో నాకు నత్తి లేదు.

నా నత్తి మాట మొదట్లోనే తగులుకుంటుంది. మొదటి అక్షరం దాటిందా, మిగతాదంతా తనంతట తనే వచ్చేస్తుంది. చర్చిలో అందరితో కలిసి ప్రార్థన చెప్పేటప్పుడు ఒక్క ముక్క కూడా ఆగదు. పాటల్లో అసలే ఆగదు. అవతల ఒక మనిషి నిలబడి నా మొహంలోకి చూస్తూ జవాబు కోసం కాచుకుని ఉంటే మాత్రం గొంతులో తలుపు పడిపోతుంది. చిన్నప్పుడు అమ్మ దీనికి చేయించని వైద్యం లేదు. వస అరగదీసి నాలుక మీద రాసింది. ఎవరో చెప్పారని నోట్లో గులకరాయి పెట్టుకుని మాట్లాడమంది. నేను దాన్ని మింగేశాను. ఆ తర్వాత ఇక వైద్యాలు మానేసింది.

బడిలో పిల్లలు వెక్కిరించేవాళ్లు. నేనూ ఊరుకునేదాన్ని కాదు, చేతికందింది విసిరేదాన్ని. పెద్దవాళ్లు మాత్రం ఎప్పుడూ వెక్కిరించలేదు. వాళ్లు సాయం చేసేవాళ్లు. నేనొక మాట దగ్గర ఆగితే చాలు, మిగతాది వాళ్లు అందించేవాళ్లు. మా వైపు అది మర్యాద. నెత్తిమీద మోపు దించుకోలేక నిలబడ్డ మనిషికి ఓ చెయ్యి వేసినట్టే, మాట దించుకోలేక నిలబడ్డ పిల్లకు మాట అందిస్తారు. అందించకుండా ఊరికే చూస్తూ నిలబడ్డవాణ్ణి రాతిగుండెవాడంటారు.

చిక్కేమిటంటే, వాళ్లు అందించే మాట చాలాసార్లు నేను చెప్పబోయిన మాట కాదు.

ఒకసారి అమ్మ మినప్పప్పు తెమ్మని కొట్టుకు పంపింది. "మి... మి..." అన్నాను. కొట్లో బాబాయి పాపం ఎంతో ఓపిగ్గా ముందుకు వంగి, "మిరపకాయలా అమ్మా?" అన్నాడు. తల ఊపాను. పొట్లం కట్టి ఇచ్చాడు. ఆ రోజుల్లో మా కల్లం నిండా మిరపకాయలు ఎండుతున్నాయి. అమ్మ పొట్లం విప్పి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"కల్లం నిండా కాయలు పెట్టుకోని, కొట్లో కొనుక్కొచ్చావేందే! ఊళ్లో ఎవరన్నా ఇంటే నవ్విపోతారు."

కాదని చెప్పొచ్చు కదా అని అందరూ అడుగుతారు. కాదంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అవతలి మనిషి ఇంకో మాట అందిస్తాడు. అదీ కాదంటే ఇంకోటి. వెనక నిలబడ్డవాళ్లు కూడా తలా ఒకటి అందుకుంటారు. కాసేపట్లో కొట్టు ముందు పొడుపుకథల పోటీ మొదలవుతుంది. ఆ గొడవంతా పడే కంటే ఇచ్చింది తీసుకుని ఇంటికి పోవడం నయం. అలా నాకు తల ఊపడం అలవాటైపోయింది. గురజాలలో ఇంటర్ చదివేటప్పుడు, బస్ పాస్ ఇంట్లో మరిచిపోయిన రోజున, కొత్త కండక్టర్ నా "గు..." విని గుంటూరు టికెట్ కొట్టిచ్చాడు. కిమ్మనకుండా డబ్బులిచ్చాను. గురజాలలో దిగుతుంటే, "ఇంకా చానా దూరం ఉందమ్మాయ్, ఇక్కడ దిగుతున్నావేంది?" అని పాపం కేకేశాడు కూడా.

ఇంటర్ తర్వాత నరసరావుపేటలో ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమాలో చేరాను. ఆ చదువు ఎంచుకోవడానికి గొప్ప కారణమేమీ లేదు. రక్తం నన్ను ప్రశ్నలడగదు, మైక్రోస్కోప్ జవాబు కోసం కాచుకుని ఉండదు, అంతే. చేరాక మాత్రం నిజంగానే నచ్చింది. ఎర్ర మూత, నీలం మూత, బూడిదరంగు మూత, ఒక్కో పరీక్షకు ఒక్కో ట్యూబు, ఒక్కోదాని అడుగున ఒక్కో మందు. సూది గుచ్చితే నొప్పి తెలియలేదని రోగులు మెచ్చుకునేవాళ్లు. క్లాసులో రాతపరీక్ష ఏది పెట్టినా నేనే ముందు. ఈ మాట అనడానికి నాకేం మొహమాటం లేదు.

ఆఖరి ఏడాది ప్రాక్టికల్స్‌లో వైవా ఉంటుంది. అంటే పరీక్షకుడి ఎదురుగా కూర్చుని అడిగినవాటికి నోటితో జవాబు చెప్పాలి. మిగతా అన్నిటిలో ఎన్ని మార్కులొచ్చినా అందులో విడిగా పాసవ్వాల్సిందే. ఆ ఏడు బయటి కాలేజీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మాటతీరు మా పల్నాడుదే. నేను కూర్చోగానే, "భయపడమాక తల్లీ, నీకు తెలిసినవే అడుగుతా" అన్నాడు. అన్నట్టుగానే తెలిసినవే అడిగాడు.

"షుగర్ చూడాలంటే రక్తం ఏ మందున్న ట్యూబులో తీస్తావు?"

బూడిదరంగు మూత. ఫ్లోరైడ్. అది నా కళ్ల ముందే ఉంది.

"ఫ్... ఫ్..."

ఆయన ముందుకు వంగాడు. కొట్లో బాబాయి కూడా అచ్చం అలాగే వంగేవాడు. "ఫార్మలినా?" అన్నాడు.

కోసి తీసిన కండముక్కలు కుళ్లకుండా ఫార్మలిన్‌లో వేస్తారు. షుగర్ పరీక్షకు దాన్ని వాడతాననే మనిషిని ల్యాబ్ గడప తొక్కనివ్వకూడదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా తల ఊపాను. ఊపాక గానీ ఊపానని తెలియలేదు.

రక్తం గడ్డకట్టే సమయం చూసే పరీక్షకు సిట్రేట్ అని చెప్పబోయాను. "సీరమ్ ట్యూబా?" అన్నాడు. తల ఊగింది. తెల్లకణాల్లో అన్నిటికంటే తక్కువగా కనిపించేది బేసోఫిల్. నా "బే..." విని ఆయన బేసిల్లస్ అనుకున్నాడు. అది బ్యాక్టీరియా పేరు. దానికీ తల ఊపాను. ఆయన నన్ను ఎగతాళి చేయలేదు, ఉచ్చులో పడేయాలనీ చూడలేదు. ఆగిపోయిన పిల్లకు జవాబు తెలియదనుకున్నాడు. తెలియని పిల్లలు మామూలుగా ఏం చెబుతారో అది అందించాడు. చివర్లో కళ్లజోడు తీసి, "చదువు మీద కాస్త మనసు పెట్టమ్మా" అన్నాడు. ఆ జాలికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఎవరి మీద మండిపడాలి? ఊగింది నా తలే.

ఫలితం వచ్చిన రోజు హాస్టల్ మెట్ల మీద కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను. ఫోన్‌లో నా నత్తి ఇంకా ఎక్కువ. పరీక్ష పోయిందని చెప్పాలి. "ప... ప..." దగ్గర ఆగింది.

"పాసయ్యావా తల్లీ!" అన్నాడు నాన్న.

ఫోన్‌లో తల ఊపినా కనపడదు. కానీ నా మౌనాన్ని ఆయన అవుననే తీసుకున్నాడు. ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. కాదనడానికి మాట కూడదీసుకునేలోపే, "ఏమే, అమ్మాయి పాసయిందంట!" అని అమ్మకు కేకేస్తూ ఫోన్ పెట్టేశాడు. మర్నాడు నేను ఇంటికి వెళ్లేసరికి వీధి వీధంతా లడ్డూలు తిని ఉంది. పక్కింటి అత్త నా బుగ్గ పుణికి, మాచర్ల ఆసుపత్రిలో చేరగానే తనకు షుగర్ పరీక్ష ఊరికే చెయ్యాలంది. ఆ రాత్రి అన్నం దగ్గర నిజం చెప్పాను. నాన్న కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, లేచి చెయ్యి కడుక్కున్నాడు. అంత సిగ్గు నాకు జీవితంలో మళ్లీ వేయలేదు.

మాచర్ల ఆసుపత్రి మాట నిజమే. అక్కడి ల్యాబ్‌లో నాకోసం ఒక చోటు ఆపి ఉంచారు. సప్లిమెంటరీలో పాసై వస్తే ఇస్తామన్నారు. అదీ పోతే ఏడాది పోతుంది, ఆ చోటూ పోతుంది.

కాలేజీలో మాకు ల్యాబ్ చెప్పే మేడం నన్ను పిలిపించింది. "షుగర్ పరీక్షకి ఫార్మలిన్ అన్నావంట, నువ్వేనా?" అని అడిగింది. కాగితం తీసుకుని జరిగిందంతా రాసిచ్చాను. చదువుతూ చదువుతూ ఆవిడ ఒకచోట నవ్వింది, వెంటనే, "అయ్యో, నవ్వకూడదు కదూ" అంది. నాకూ నవ్వొచ్చింది. మాట ఇబ్బంది ఉన్నవాళ్లకు కూడా పరీక్షల్లో అదనపు సమయం లాంటి సదుపాయాలు ఉన్నాయని ఆవిడ చెబితేనే నాకు తెలిసింది. అప్పటిదాకా అవి కళ్లు కనపడనివాళ్లకు, చెయ్యి ఆడనివాళ్లకు మాత్రమే అనుకునేదాన్ని. కాకపోతే ముందు వైకల్యం నిర్ధారించే సదరం క్యాంపుకు వెళ్లి డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

క్యాంపుకు నాన్న తోడొచ్చాడు. డాక్టర్ ఒక పేపర్ ఇచ్చి చదవమన్నాడు. నా ఖర్మ, ఆ రోజు నత్తి లేదు. ఒక పేరా మొత్తం గడగడా చదివేశాను. పుట్టిన దగ్గర్నుంచీ పొమ్మని మొక్కుకున్నదాన్ని, ఆ పూట రమ్మని మొక్కుకున్నాను. నాన్న వెనకనుంచి, "రోజూ ఉండేదేగా, ఇయ్యాల ఏమైందే నీకు?" అని గొణిగాడు. డాక్టర్ మాత్రం తొందరపడలేదు. పేపర్ పక్కన పెట్టి, పేరు చెప్పమన్నాడు.

మిగతా మాటల దగ్గర ఆగితే వాటికి బదులు ఇంకో మాట వాడి తప్పించుకోవచ్చు. నీళ్లు అనలేకపోతే దాహం అనొచ్చు. పేరుకు బదులు పేరు ఉండదు. నాది మొదటి అక్షరం దగ్గరే ఆగింది. ఆగి ఆగి, మెడ నరాలు బిగిసి, కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్న ఇక ఉండబట్టలేక నా పేరు ఆయనే చెప్పేశాడు. "మీరు బయట కూర్చోండి" అన్నాడు డాక్టర్.

సర్టిఫికెట్ పట్టుకుని మేడం, నేను కాలేజీ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి గుమాస్తా అది చూసి, "ఓస్, ఇంతేనా, స్క్రైబ్‌నిచ్చేద్దాం" అన్నాడు. స్క్రైబ్ అంటే మన బదులు పరీక్ష రాసిపెట్టే మనిషి.

"ఆ అమ్మాయికి రాయటం వచ్చండీ. మాట్లాడటం దగ్గరే ఇబ్బంది" అంది మేడం.

"రాయటం వస్తే ఇంక ఇబ్బందేంది మేడం?"

మేడం ఓపిగ్గా చెప్పింది. చివరికి వైవాకు రెట్టింపు సమయం, కావాలంటే జవాబు కాగితం మీద రాసి చూపించే వీలు, ఈ రెండూ అడుగుతూ అర్జీ తయారైంది. రాసి చూపిస్తే నేను పాసవుతాననడంలో అనుమానం లేదు. రాసివ్వడంలో తప్పు కూడా లేదు, కొందరికి అదొక్కటే దారి. కానీ రేపు మాచర్లలో ఎవరికో పొటాషియం ప్రమాదంగా పెరిగిందనుకోండి, డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పాల్సింది నేనే. ఆయన ఫోన్‌లో ఒక మాట అందిస్తే? నేను అవునని ఊరుకుంటే? వైవా పోయినందుకంటే ఆ ఆలోచనకే నాకు ఎక్కువ భయమేసింది. ఇంకేమన్నా కావాలా అని మేడం అడిగింది. పెన్ను తీసుకుని అర్జీ కింద నా చేత్తో రాశాను.

"నేను ఆగినప్పుడు దయచేసి ఎవరూ మాట అందించవద్దు. నేను తల ఊపినా దాన్ని జవాబుగా తీసుకోవద్దు."

గుమాస్తా రెండుసార్లు చదివాడు. "ఇదేంది మేడం? రూల్సులో సాయం చెయ్యమనే ఉంటది గానీ, చెయ్యొద్దని యాడుంటది? దీన్ని ఏ కాలమ్‌లో వెయ్యాల?" అన్నాడు. మేడం అర్జీ ఆయన చేతిలో పెట్టి, కాలమ్ లేకపోతే గీసుకోమంది. ఏం గీసుకున్నాడో తెలియదు, అనుమతి మాత్రం వచ్చింది.

సప్లిమెంటరీ వైవాకు వచ్చిన పరీక్షకురాలి పుట్టిల్లు కృష్ణకు అవతల, మిర్యాలగూడ వైపు. పెళ్లయి ఇటు వచ్చినా మాట మారలేదు. మొహం గంటు పెట్టుకుని నా అర్జీ మొత్తం చదివింది. చేతి గడియారం తీసి బ్యాగులో వేసుకుంది.

"ఏం తొందర లేదు బిడ్డా. నువ్వు చెప్పేదాంక నేను ఈడనే ఉంట" అంది. తర్వాత చేతులు కట్టుకుని కూర్చుంది.

నాకు అది అలవాటు లేదు. మొదట అడిగింది మళ్లీ ఆ షుగర్ ట్యూబు సంగతే. నేను ఆగినప్పుడు ఆవిడ వంగలేదు. కళ్లు చికిలించలేదు, పెదవులు కదపలేదు. రాతిగుండె మనిషిలా అలా చూస్తూ కూర్చుంది. ఎవరూ మాట అందించకపోతే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. భయమేసింది. నా పక్కనే కాగితం, పెన్ను ఉన్నాయి. చెయ్యి అటు పోబోయి ఆగింది. అంతలో ఫ్లోరైడ్ దానంతట అదే బయటికి వచ్చింది. ఆవిడ తల పంకించి మార్కు వేసుకుంది.

రెండోది సిట్రేట్. "సి... సి..." అని నేను ఆగి ఉండగా పక్కనుంచి, "సిట్రేట్!" అని వినపడింది. మా ల్యాబ్ మేడమే. రూలు ప్రకారం మా కాలేజీ తరఫున ఆవిడ కూడా అక్కడ కూర్చోవాలి. అర్జీ రాసిపెట్టిన మనిషి, గుమాస్తాతో పోట్లాడిన మనిషి, ఆవిడే ఉండబట్టలేకపోయింది. నాలుక కరుచుకుని రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మేడం, పరీక్ష మీకా, ఆమెకా?" అంది పరీక్షకురాలు. ఆ ప్రశ్న కొట్టేసి ఇంకోటి అడిగింది. మేడం మొహం చూసి నాకు నవ్వాగలేదు. ఆ నవ్వుతో గొంతు కాస్త వదులైంది. తర్వాతి జవాబులు ఆగుతూ, తడుముకుంటూ, వాటి దారిన అవే వచ్చాయి.

ఆఖరి ప్రశ్న పెద్దది. ఒకే రోగి దగ్గర అన్ని ట్యూబుల్లోకీ రక్తం తీయాల్సి వస్తే ఏ రంగు తర్వాత ఏ రంగు నింపాలి? ఆ వరస తప్పితే ఒక ట్యూబులో మందు ఇంకోదాంట్లో కలిసి ఫలితం చెడిపోతుంది. ప్రతి రంగు దగ్గరా ఆగాను. నీలం చాలాసేపు పట్టింది. ఎరుపు త్వరగా వచ్చింది. ఊదా దగ్గర గొంతు పూర్తిగా పట్టేసింది. ఇంకో రంగుకు తప్పించుకోకుండా పట్టుబట్టి ఊదానే చెప్పాను. తర్వాత ఆకుపచ్చ, చివర బూడిదరంగు. చెప్పడం పూర్తయ్యేసరికి వీపంతా తడిసిపోయింది. పరుగెత్తి వచ్చినదానిలా ఊపిరి తీసుకుంటున్నాను.

ఆవిడ చివరి రంగు దాకా విన్నది.

"తప్పు," అంది. "ఆకుపచ్చ ముందల, ఊదా తర్వాత. నువ్వు చెప్పినట్టు తీస్తే పొటాషియం లేనిది ఎక్కువ చూపిస్తది. యాదికి పెట్టుకో."

అవును, తప్పే. ఆవిడ అనగానే తెలిసింది. అయినా నాకు లోపల ఎక్కడో సంతోషం పొంగింది. తప్పు మధ్యలో ఎవరూ అడ్డం రాలేదు, ఎవరూ దాన్ని సర్దలేదు. మొదటి నుంచి చివరి దాకా నన్ను చెప్పనిచ్చి, విని, తప్పని చెప్పారు.

నేను పాసైనట్టు నెల దాటాక తెలిసింది. ఇప్పుడు మాచర్లలో ఫోన్ ఎత్తేది నేనే. అవతలివాళ్లు అందించబోతే, ఆగమని ముందే చెబుతున్నాను. ఆ మాట దగ్గరా ఒక్కోసారి ఆగుతుంది. కానీ వైవా అయిన రోజు సాయంత్రం కాలేజీ గేటు దాటి బయటికి వచ్చేటప్పటికి ఇవేవీ తెలియవు. నాన్న రోడ్డుకు అవతల, చెరకురసం బండి దగ్గర నీడలో నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నట్టున్నాడు. నన్ను చూసి గబగబా రోడ్డు దాటి వచ్చాడు.

"ఏమ్మా, ఎట్టా చెప్పావు?"

"అ... అన్నీ చెప్పాను నాన్నా. ఒ... ఒకటి తప్పు పోయింది."

నాన్న మొహం ఎర్రబడింది. గేటు లోపలికి కోపంగా చూశాడు.

"తప్పు పోయిందా? ఎవరందిచ్చారు?"

"ఎవరూ అందించలేదు నాన్నా," అన్నాను. "నే... నేనే చెప్పాను."